హాలు అడ్వాన్సు కట్టకముందే ఇది చదువు

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను చూశాను. ఒక ఆదివారం, నూటయాభై మంది, గేమింగూ కాస్‌ప్లే (నచ్చిన పాత్రల వేషాలు కట్టడం) కలిపి ఒకరోజు సంబరం. బాగుంది. కానీ ఎనిమిది గంటల్లో ఆరు గంటలు స్టేజీకే రాసేశావు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, డాన్సులు, వేషాల నడక, ఫైనలు, బహుమతులు. అట్టా చేస్తే అది కాలేజీ డే అవుద్ది. రెండు గంటలకల్లా చప్పట్లు కొట్టి మెల్లగా జారుకుంటారు.

హాలు సంగతి తర్వాత. జనం ఇట్టాంటి చోటికి ఎందుకొస్తారో ముందు తేల్చుకో. గేమ్ ఇంట్లోనే ఆడుకోవచ్చు. యానిమే, అదే జపాను కార్టూన్లు, ఫోన్లోనే చూడొచ్చు. ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఉండే పిల్లకాయకి ఇంట్లో దొరకనిది ఒకటే, వాటి గురించి మాట్లాడుకునే తోడు. వాడికి నచ్చిన పాత్ర పేరు చెబితే ఇంట్లో "ఏందిరా అది" అంటారు, క్లాసులో నవ్వుతారు. ఇక్కడ మాత్రం చొక్కా మీది బొమ్మ చూసి ముక్కూమొహం తెలియనివాడెవడో వచ్చి "ఎన్నో ఎపిసోడ్‌లో ఉన్నావు" అంటాడు. ఆ ఒక్క ప్రశ్న కోసం బస్సెక్కి వస్తారు. రొట్టెల పండగ నువ్వు చిన్నప్పట్నించీ చూస్తున్నదే గదా. స్వర్ణాల చెరువు నీళ్లలో మొక్కుకున్నోళ్లూ మొక్కు తీరినోళ్లూ ఎదురుబొదురు నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఊరూ పేరూ ఎవరిక్కావాలి, చదువు రొట్టా, ఉద్యోగం రొట్టా అని అడుగుతారంతే. భక్తిని దీనితో పోల్చడం లేదులే, మనుషులు కలిసే తీరు చెప్తున్నా. నీ ప్లానులో ప్రతి గంటనీ ఒక్క ప్రశ్నతో కొలువు. దీనివల్ల ఇద్దరు కొత్తవాళ్లు పక్కపక్కన కూర్చుంటారా?

చిన్నగా మొదలుపెడుతున్నానని దిగులొద్దు. అమెరికాలో జెన్ కాన్ అనే బల్లల మీది ఆటల సంబరం 1968లో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో యాభై డాలర్ల అద్దె హాల్లో మొదలైంది. కామిక్స్ అభిమానులు కలిసే శాన్‌డియేగో కామిక్ కాన్ 1970 ఆగస్టులో ఒక హోటల్లో సుమారు మూడొందల మందితో జరిగింది. స్వీడన్‌లో మాలుంగ్ అనే ఊళ్లో బడి నేలమాళిగకి కంప్యూటర్లు మోసుకొచ్చుకున్న స్నేహితుల గుంపు 1994లో డ్రీమ్‌హ్యాక్ అనే గేమింగ్ పండగ అయింది. అదే 2022లో హైదరాబాదు హైటెక్స్ దాకా వచ్చింది. వీటిల్లో మొదట ఉన్నది బల్లలూ కుర్చీలూ మనుషులే. వెలుగుజిలుగులు తర్వాత వచ్చాయి.

వీలైతే నీదానికంటే ముందు మద్రాసుది ఒకసారి చూసిరా. కామిక్ కాన్ అక్కడ 2024 ఫిబ్రవరిలో మొదటిసారి నందంబాక్కం ట్రేడ్ సెంటర్‌లో పెట్టారు. సెంట్రల్‌లో దిగి మెట్రోలో ఆలందూర్ దాకా పోతే అక్కణ్ణించి ఆటో. పోయినాక స్టేజీ ఎదురుగా నిలబడొద్దు. జనం ఎక్కడ ఎక్కువసేపు ఆగుతున్నారో చూడు. సొంతంగా బొమ్మలు గీసి అమ్ముకునేవాళ్ల బల్లల దగ్గర, క్యూలో, తినే చోట. నువ్వు నెల్లూరుకి తేవాల్సింది వాటినే.

ఇక తేదీ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వానలూ తుఫానులూ, ఆ మూడు నెలలు కొట్టెయ్. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో మండపం దొరకదు, దొరికినా ధర మండిపోద్ది. ఆషాఢం ఖాళీనే కానీ ఉక్క, వేషం కట్టినోడు సొమ్మసిల్లుతాడు. పుష్యమాసంలో ముహూర్తాలుండవు, ఎండా ఉండదు, ఇంటర్ ప్రాక్టికల్స్ ఇంకా మొదలవవు. సంక్రాంతి దాటాక వచ్చే ఆదివారం చూడు. టైము పది నుంచి ఆరు. అంతకుమించి సాగదీస్తే పల్లెల బస్సులు తప్పిపోతాయి, అమ్మానాన్నలు మళ్లీసారి పంపరు.

హాలు చూడబోయేటప్పుడు ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని పో. కల్యాణ మండపాల వైరింగు ఫ్యాన్లకీ లైట్లకీ సీరియల్ సెట్లకీ చేసింది, నీ గేములకి కాదు. లెక్క ఇది. టీవీ, దానికి తగిలించి ఆడే గేము పెట్టె (కన్సోలు) ప్లేస్టేషన్ 5 కలిపి 300 వాట్లు అనుకో. గేమింగ్ పీసీ మానిటర్‌తో సహా 500. మామూలు 6 యాంపుల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు మోస్తుంది, అంచుదాకా పోకుండా 1,000 దగ్గర ఆపు. అంటే ఒక సాకెట్టుకి మూడు టీవీ సెట్లు, లేదా రెండు పీసీలు. అయితే పక్కపక్కన నాలుగు సాకెట్లున్నా అవన్నీ ఒకే ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి) కింద ఉండొచ్చు. ఏ గోడ ఏ ఎంసీబీదో ఒక్కొక్కటీ ఆపి చూసి కాగితం మీద గియ్యి. కాఫీ మెషీను ఒక్కటే 2,000 వాట్లు లాగొచ్చు, దాన్ని వంటింటి 16 యాంపుల సాకెట్టుకే పెట్టు. ఇవి కలిపేస్తే ఎవరో టీ అడిగినప్పుడల్లా నాలుగు మ్యాచులు ఆరిపోతాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించొద్దు, వేడెక్కేది ఆ అతుకు దగ్గరే. జనరేటరు ఉందని మురిసిపోవద్దు. కరెంటు పోయి అది అందుకునేలోపు గేములన్నీ ఆగుతాయి. కనీసం రూటరుకీ, స్కోర్లు రాసే కంప్యూటరుకీ చిన్న యూపీఎస్ పెట్టు.

నెట్ మీద ఆధారపడే ఆట ప్రధానంగా పెట్టొద్దని నా మాట. అరవైనాలుగు ఫోన్లు ఒక ఇంటి రూటరు మీద పడితే అది కుదేలవుద్ది. ఒక్కో యాక్సెస్ పాయింటుకి (వైఫై ఇచ్చే పెట్టెకి) పాతిక ముప్పై ఫోన్లే లెక్కేసుకో, అన్నీ 5 గిగాహెర్ట్జ్ మీద. పైగా బీజీఎంఐ (పబ్‌జీ లాంటి ఫోన్ ఆట) ఆడేవాళ్లు తలొంచుకుని ఫోన్లోకే చూస్తారు, పక్కోడు ఎవడో తెలియదు. దానికి హాలెందుకు? ఫైటింగ్ గేములు, ఫుట్‌బాల్ గేములు ఒకే టీవీ ముందు భుజం భుజం రాసుకుని ఆడతారు. గోల్ పడితే వెనకున్నోళ్లు కూడా అరుస్తారు. నెట్ అక్కర్లేదు. కానీ అప్‌డేట్లు ముందురోజు రాత్రే ఇంట్లో దించుకుని రావాలి. నెలలుగా ఆన్ చెయ్యని కన్సోలు హాలుకొచ్చాక పదుల జీబీలు అడిగిందంటే ఆ బల్ల ఆ పూటకి పోయినట్టే. టీవీల్లో గేమ్ మోడ్ ఆన్ చెయ్, లేకపోతే బటన్ నొక్కినదానికీ బొమ్మ కదిలినదానికీ మధ్య ఎడం వచ్చి ఓడినోడు టీవీ మీద గొడవకొస్తాడు.

కంట్రోలర్ల దగ్గర ఒక చిత్రం జరుగుద్ది, జాగ్రత్త. చాలామంది తమ కంట్రోలరు తామే తెచ్చుకుంటారు. ఆడి లేచినోడు దానికి ఆ కన్సోలుతో ఉన్న వైర్‌లెస్ జత విడదియ్యకుండా సంచిలో వేసుకుంటాడు. వాడు బజ్జీలు తింటుంటే సంచిలో బటన్ నొక్కుకుని ఇక్కడ వేరే ఇద్దరి మ్యాచ్ కీలకమైన దెబ్బ దగ్గర ఆగిపోద్ది. ఎవరు ఆపారో ఎవరికీ అంతుపట్టదు. బల్ల వదిలేముందు అన్‌పెయిర్ చెయ్యాలి అని పెద్ద అక్షరాల్లో ప్రతి టీవీకీ అంటించు. పక్కన తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి. నెయ్యికారం దోసె తిన్న చేత్తో ఎవడూ స్టిక్ ముట్టుకోకూడదు.

పోటీ లెక్కలో నువ్వు పెద్ద తప్పు చేశావు. ముప్పైరెండు మందికి ఓడితే అవుట్ పద్ధతి పెట్టావు. 31 మ్యాచుల్లో అయిపోద్ది, నీకు సుఖమే. కానీ మొదటి రౌండులోనే పదహారు మంది బయటికి పోతారు. రెండు గంటలు బస్సులో వచ్చినోడు పది నిమిషాలాడి చేతులు దులుపుకుంటాడు. రెండుసార్లు ఓడితేనే అవుట్ అని పెట్టు. అప్పుడు 62 లేదా 63 మ్యాచులు. మూడింట రెండు గెలిచే సెట్టుకి కుర్చీలు మారడంతో కలిపి 12 నిమిషాలు వేసుకో. నాలుగు టీవీల మీద మూడు గంటల పది నిమిషాలు వస్తుంది. చివర్లో ఒక్కో మ్యాచే జరుగుతుంది కాబట్టి ఇంకో గంట కలుపు. పది నిమిషాలు ఆలస్యమైనోడికి ఓటమి రాయాలని ముందే చెప్పు, నీ ఫ్రెండైనా సరే. ఐదో టీవీ, ఆరో టీవీ పోటీకి ఇవ్వొద్దు. గెలిచినోడు కూర్చోవాలి, ఓడినోడు లైను చివరికి పోవాలి, అంతే. రోజంతా ఎక్కువ నవ్వులు వినపడేది ఆ రెండింటి దగ్గరే, చూస్తుండు.

ఎంట్రీ ఫీజులు పోగేసి గెలిచినోడికి ఇయ్యొద్దు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ పందేల మీద నిషేధం ఉంది. ఆఫ్‌లైనే గదా అని వాదించుకుంటూ కూర్చోడం దేనికి. టికెట్ హాలు ఖర్చుకి, బహుమతి ఏదో షాపువాళ్లిచ్చే వస్తువు. రెండు లెక్కలూ వేరువేరు పుస్తకాల్లో.

వేషాల సంగతి. పగటివేషగాళ్లని చూసిన ఊళ్లు మనవి, ఇది కొత్తేం కాదు. గదికి లోపలి గడియ, నిలువుటద్దం, మంచి లైటు, ఫ్యాను ఉండాలి. ఆడపిల్లలకి వేరే గది, దాని ముందు ఆడ వాలంటీరు. బయట ఒక రిపేరు బల్ల. గ్లూ గన్, దాని జిగురు పుల్లలు, పిన్నీసులు, సూదీ దారం, రెండువైపులా అంటే టేపు, నల్ల టేపు, కత్తెర, ఫెవిక్విక్. ఈ బల్ల చుట్టూ మూగేంత మంది ఇంకెక్కడా మూగరు, ఒకడి భుజకవచం ఊడితే నలుగురు కొత్తవాళ్లు అంటిస్తారు. తయారుచేసేవాళ్లకి ముందే రెండు మాటలు చేరవెయ్. ఫోమ్ అతికించడానికి ఎస్ఆర్ ఫెవికాల్ రెండు వైపులా పల్చగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు నొక్కాలి. తడిమీద నొక్కితే జారిపోద్ది. గ్లూ గన్ అతుకు ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో మెత్తబడి విడిపోద్ది. థర్మోకోల్ మీద స్ప్రే పెయింట్ నేరుగా కొడితే అది కరిగి గుంటలు పడుద్ది, ముందు ఫెవికాల్ నీళ్లలో కలిపి రెండు పూతలు వెయ్యాలి. ఇనుమూ పదునూ ఏదీ లోపలికి రాకూడదు. కత్తుల్లాంటివి బస్సులో గుడ్డ చుట్టి తేవాలి, పోలీస్ స్టేషన్లో ముందే ఒక కాగితం ఇచ్చి ఉంచు. ఫోటో అడిగి తియ్యాలి, ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. ఇది గేటు దగ్గరే బోర్డు మీద రాయి. అడ్డం వచ్చినోణ్ణి బయటికి పంపేది ఎవరో కూడా ముందే తేల్చుకో. మార్కుల్లో కుట్టుకున్న వేషానికీ కొన్న వేషానికీ వేరే వేరే బహుమతులు పెట్టకపోతే కష్టపడ్డోడి ఉసురు తగులుద్ది.

బ్యాడ్జీ సంగతి చిన్నదనుకోవద్దు. పేరు పైన, దాని కింద "నన్ను దీని గురించి అడగండి" అని, పక్కన ఖాళీ. గేటు దగ్గర లావు స్కెచ్ పెన్నులు ఆరైనా ఉండాలి, ఒక్కటే ఉంటే క్యూ ఆగుద్ది. మనవాళ్లు మొహమాటస్తులు, ముందుగా పలకరించరు. ఆ ఒక్క గీత వాళ్ల పని చేసిపెడుద్ది. ఒక మార్పిడి బల్ల కూడా పెట్టు. కార్డులు, స్టిక్కర్లు, చదివేసిన కామిక్స్. డబ్బు లేదు, ఇచ్చి పుచ్చుకోవడమే. ఇంకో మూల బోర్డు గేములు, ప్రతి రెండు బల్లలకీ రూల్సు నేర్పేవాడు ఒకడు. నేర్పేవాడు లేని బల్ల మీద డబ్బా తెరిచి, రూల్సు కాగితం తిరగేసి, మూసేసి పోతారు. గంటన్నర పట్టే ఆట పొద్దున పెట్టొద్దు, ఇరవై నిమిషాలవి పెట్టు.

డీజే బాక్సులు తేవద్దు. నూటయాభై మంది గొంతు చించుకుని మాట్లాడలేక ఫోన్లు తీసుకుంటారు. మైకు మ్యాచు పిలుపులకి మాత్రమే. ముఖ్య అతిథినీ శాలువానీ తప్పించుకోలేవు, తెలుసు. పదిహేను నిమిషాలు, మధ్యాహ్నం భోజనానికి ముందు. ఆకలి మీద ఉపన్యాసం తొందరగా ముగుస్తుంది. వెంట వచ్చిన అమ్మానాన్నలకి ఫ్యాను కింద కుర్చీలు వేసి, ఓపికున్న వాలంటీరుని కూర్చోబెట్టు.

వాలంటీర్లు పన్నెండు మంది, రెండు గంటలకో మార్పు. రోజంతా నిలబెడితే వచ్చేసారి రారు. సాయంత్రం ఐదింటికి చివరి ఫైనలు అయిపోవాలి. మిగతా గంట ఖాళీగా వదులు, నంబర్లు మార్చుకునేది అప్పుడే. అరువు తెచ్చిన ప్రతి కంట్రోలరుకీ వైరుకీ ఇంటికో రంగు టేపు చుట్టి ఉంచు. తాళం ఇచ్చేముందు ఆ రంగుల ప్రకారం లెక్కపెట్టుకో, నల్ల వైర్లన్నీ ఒకేలా ఉంటాయి.

సాకెట్ల బొమ్మ గీసి ఫోటో పంపు. అది చూసినాకే అడ్వాన్సు.

ఇట్లు,
మీ మావయ్య