తొలిచూలు కాన్పుకు ముందు నీతో చెప్పాలనుకున్నవి

చిట్టితల్లీ,

కాన్పు ఇంట్లోనే చేయించుకుంటే ఎలా ఉంటుంది పెద్దమ్మా అని అడిగావు. లేబర్ రూములో నీ మాట ఎవరూ వినరేమో, అడగకుండానే అన్నీ చేసేస్తారేమో అన్న భయంతోనే అడిగావని నాకు తెలుసు. ఆ భయం ఉత్తదేం కాదు. కాన్పుల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా ఉన్నదాన్ని, అలా జరగడం నేనూ చూశాను. అయినా నీది తొలిచూలు కాబట్టి ఆసుపత్రికే వెళ్లమంటాను.

ఇంగ్లండులో దాదాపు 64 వేల కాన్పులను గమనించిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. అందరూ ఏ చిక్కూ లేని ఆరోగ్యవంతులైన తల్లులే. ఇంట్లో కనాలనుకున్న తొలిచూలు వాళ్లలో నూటికి 45 మందిని నొప్పుల మధ్యలోనో, కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. బిడ్డ దక్కకపోవడం, పుట్టేటప్పుడు గట్టి దెబ్బ తగలడం వంటి కీడు ఆసుపత్రిలో వెయ్యికి 5.3 ఉంటే, ఇంట్లో 9.3 ఉంది. అదీ శిక్షణ పొందిన మంత్రసానులు పక్కనున్నప్పుడు. రెండో కాన్పు, ఆ పై కాన్పుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందుకే మొదటిది సాఫీగా అయి, శిక్షణ ఉన్న మంత్రసాని దగ్గరుండి, బండి సిద్ధంగా ఉన్న తల్లి ఇంట్లో కంటానంటే నేను కాదనను. కడుపులో కవలలున్నా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, మాయ కిందికి ఉన్నా, బీపీ ఎక్కువున్నా, ఇంతకు ముందు సిజేరియన్ అయి ఉన్నా ఆ ఆలోచనే వద్దు.

పుట్టిన బిడ్డల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. అది మొదటి నిమిషంలోనే అందాలి. బిడ్డ పుట్టాక తల్లికి రక్తస్రావం ఆగకపోయినా నిమిషాలతోనే పని. ఎవరికి వస్తుందో ముందుగా తేల్చి చెప్పలేం.

ఇక నీ మాట వినే ఆసుపత్రిని వెతుక్కోవడం నీ చేతిలోనే ఉంది. నెలలు నిండకముందే వెళ్లి అడుగు. నొప్పుల్లో నాకు నచ్చిన మనిషిని తోడుండనిస్తారా? లేచి తిరగనిస్తారా? వెల్లకిలా పడుకోవడమే కాకుండా, వీలైన భంగిమలో కననిస్తారా? అవసరం ఉన్నా లేకపోయినా కింద కోత పెట్టే అలవాటుందా? జవాబులు దాటేసే చోట చేరకు. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో తొందరపెట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. తల్లీబిడ్డా బాగున్నంతసేపు ఆగవచ్చు. ఆపరేషన్ అన్నప్పుడు, ఎందుకు, ఆగితే ఏమవుతుంది అని అడుగు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందంటే మాత్రం వెంటనే సరేనను. సిజేరియన్ అయితే నువ్వేదో చేతకానిదానివైనట్టు ఎవరన్నా మాట్లాడితే పట్టించుకోకు.

పుట్టగానే బిడ్డను తుడిచి, బట్ట అడ్డం లేకుండా నీ రొమ్ము మీద పడుకోబెట్టమను. నీ ఒంటి వేడికి మించిన వెచ్చదనం లేదు. బిడ్డ బాగా ఊపిరి తీస్తుంటే బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగమను. ఆ కాసేపట్లో మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. బరువు చూడటం తర్వాతయినా పరవాలేదు. విటమిన్ కె ఇంజక్షన్ మాత్రం వేయించు, లోపల రక్తం కారే ప్రమాదాన్ని అది తప్పిస్తుంది. స్నానం ఒక రోజు గడిచాకే.

గంటలోపే పాలు పట్టు. ముర్రుపాలు చిక్కగా, కొద్దిగానే వస్తాయి. మొదటి రోజు ఒక్కోసారికి చెంచాడో రెండు చెంచాలో తాగినా సరిపోతుంది. పాలు పడలేదని చుట్టూ ఉన్నవాళ్లు కంగారుపడి డబ్బాపాలు తెస్తారు. మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు పొంగుతాయి, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి, రాత్రుళ్లు కూడా. మొన మాత్రమే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు బిడ్డ నోట్లోకి వెళ్లాలి. అలా అందకపోతే నీకు పుళ్లు పడతాయి, బిడ్డకు కడుపు నిండదు. మొదటి వారంలో బరువు కొంచెం తగ్గడం మామూలే, కానీ నూటికి పది వంతులు దాటి తగ్గితే డాక్టరుకు చూపించాలి. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. ఆరు నెలల దాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు.

బొడ్డు పొడిగా ఉంచు, డాక్టరు చెబితే తప్ప ఏమీ పూయకు. వెల్లకిలానే పడుకోబెట్టు, తలగడ వద్దు. ఆడపిల్ల అయితే మొదటి వారంలో కాస్త రక్తపు మరక కనిపించవచ్చు, అది మామూలే. ఆడైనా మగైనా బిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండనివ్వకు.

పచ్చకామెర్లు చాలామంది బిడ్డలకు వచ్చి పోతాయి. కానీ మొదటి 24 గంటల్లో కనిపించినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా ఎండలో పెట్టి కూర్చోకు, ఆసుపత్రికి తీసుకెళ్లు. బిడ్డ పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, నిమిషానికి 60 దాటి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం 37.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా తెల్లారేదాకా ఆగొద్దు.

అందరూ బిడ్డనే చూస్తుంటారు, నిన్ను నువ్వు చూసుకో. గంటలో ప్యాడ్ తడిసిపోయినా, జ్వరం వచ్చినా, వాసనతో మైల పోతున్నా, ఒక కాలే వాచి నొప్పెట్టినా, తలనొప్పితో కళ్లు మసకబారినా వెంటనే చెప్పు. బీపీ కాన్పయ్యాక కూడా పెరుగుతుంది. కొన్నాళ్లు ఊరికే ఏడుపు రావడం సహజం. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది జబ్బే, దానికి మందూ ఉంది. దాచుకోకుండా నాకు ఫోన్ చెయ్యి, డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

మీ పెద్దమ్మ