చిన్నీ, కోట అనే ముందు మట్టి చూడు

చిన్నీ,

స్కాట్లాండులో రోమన్ కోట ఉందేమోనని అనుమానిస్తున్న పొలంలో తవ్వకానికి నిన్ను తీసుకున్నారని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో మట్టి పని చేసినవాణ్ణి ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే. ఇప్పుడు నువ్వూ చేరావు. చాలా గర్వంగా ఉంది తల్లీ. కానీ అక్కడి వానలు, నానిపోయిన ట్రెంచి గోడలు తలచుకుంటే నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. నీళ్లు దిగని బూట్లు కొనుక్కో. టెటనస్ ఇంజెక్షన్ చేయించుకో. దొరికిన ప్రతి కుండ పెంకుకూ అక్కడే చీటీ రాయి, సాయంత్రం రాద్దామనుకోకు. గ్రేడియోమీటర్ పట్టుకుని నడిచే రోజున మాత్రం గాజులకు పిన్నీసులు తగిలించుకోకు, మీ అమ్మ అలవాటే నీకూ వచ్చింది. అది భూమి అయస్కాంత క్షేత్రంలోని అతి చిన్న తేడాలను కొలిచే యంత్రం. ఒంటి మీద ఇనప ముక్క ఉంటే రీడింగులన్నీ పాడవుతాయి. జడ క్లిప్పులు, ఫోన్ అన్నీ దూరంగా పెట్టి వెళ్లు.

ఆ యంత్రాన్ని తక్కువగా చూడకు. క్రీ.శ. 142లో రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ కాలంలో స్కాట్లాండుకు అడ్డంగా కట్టడం మొదలుపెట్టిన ఆంటోనైన్ గోడ నీకు తెలిసిందే. దాని మీద కార్లీత్ అనే చోట ఒక చిన్న కోట ఉందని 1707లోనే రాబర్ట్ సిబ్బాల్డ్ అనే స్కాటిష్ పండితుడు ప్రస్తావించాడు. 1970లు, 80లలో వెతికారు, దొరకలేదు. చివరికి గ్రేడియోమీటర్ సర్వేలో పచ్చిక కింద దాని రాతి పునాది జాడ కనిపించిందని 2023లో ప్రకటించారు. గోడ పొడవునా అలాంటివి 41 దాకా ఉండి ఉంటాయని అంచనా. అంతకుముందు దొరికినవి తొమ్మిదే. కాబట్టి మీ పొలంలోనూ ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు.

ఆ రెండో మాట నువ్వు మరిచిపోతావేమోనన్నదే నా టెన్షన్. మన వినుకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లోనూ దొరికాయి. అక్కడ రోమన్ సైనికుడెవరూ కాపలా కాయలేదు కదా! వర్తకంతో వచ్చిన డబ్బు అది. స్కాట్లాండులోనే ‘ట్రాప్రెయిన్ లా’ అనే కొండ మీద 1919లో రోమన్ వెండి సామాను రాశిగా దొరికింది. ఆ కొండకోట స్థానికులది. ఒక నాణెమో, నిగనిగలాడే ఎర్రటి రోమన్ కుండ పెంకో చేతికి రాగానే కోట అనేస్తే ఎలా?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కృష్ణ ఒడ్డున ఒక మట్టి కోటగోడను తవ్వుతున్నాం. నడుం లోతున శాతవాహనుల సీసపు నాణెం ఒకటి దొరికింది. మా ఆఫీసరు బాగా చదువుకున్నవాడే, చెడ్డవాడూ కాదు. కానీ గోడ శాతవాహనుల నాటిదని ఆ సాయంత్రమే తేల్చేశాడు. ఆ నాణెం తీసింది కూలికి వచ్చే ఒక ముసలావిడ. “అయ్యా, ఈడ మట్టి గుల్లగా ఉంది, పార ఇట్టే దిగతా ఉంది, పక్కన దిగట్లేదు” అని రెండుసార్లు చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ చెప్పిందే నిజం. అది గోడ కట్టాక ఎప్పుడో పైనుంచి తవ్విన గుంట. ఎక్కడి పాత మట్టో తెచ్చి పూడ్చారు, నాణెం దాంతో వచ్చింది. తాపీతో సెక్షన్, అంటే ట్రెంచి నిలువు గోడను గీకి, కాస్త నీళ్లు చల్లి చూస్తే గుంట అంచు కనపడేది. తర్వాతి సీజన్‌లో పక్క ట్రెంచిలో, గోడ అడుగున, చెక్కుచెదరని పొరలో గ్లేజు పూసిన పెంకులు వచ్చాయి. అవి మధ్యయుగం నాటివి. అప్పటికే వార్త పేపర్లో వచ్చేసింది. సరే, మళ్లీ చూద్దామంటే గుంట ఉన్న భాగం ఏదీ? మొత్తం తవ్వి పారబోశాం. ఆ ముసలావిడ మాట ఏ రిపోర్టులోనూ లేదు. ఇప్పటికీ నాకు కోపమే.

అందుకే మట్టి రంగు మారినా, గట్టితనం మారినా చెయ్యి ఆపు. గీకు. గీసుకో. ఆ తర్వాతే తవ్వు. నీ పక్కన పారతో పనిచేసేవాళ్లు ఏమన్నా అంటే నోట్‌బుక్‌లో ఎక్కించు.

అక్కడ నువ్వు చూడాల్సింది కందకం. అది వీ ఆకారంలో దిగి, అడుగున సన్నని చదరపు కాలువ ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. మూలలు పేకముక్క మూలల్లా గుండ్రంగా తిరుగుతున్నాయా? సర్వేలో కనిపించే తిన్నని గీత రైతులు వేసుకున్న పాత డ్రెయిన్ కూడా కావచ్చు. ఇక ఆ ఆంటోనైన్ గోడను పచ్చిక పెళ్లలు కోసి, రాతి పునాది మీద పేర్చి కట్టారు. సెక్షన్‌లో బూడిద రంగు మట్టి మధ్య సన్నటి నల్ల చారలు కనిపిస్తే తొందరపడి చెరిపేయకు. ఒక్కో చారా ఒకప్పటి గడ్డి. దాదాపు 1,900 ఏళ్ల కిందట ఎవరో సైనికుడు కోసి బోర్లించిన పెళ్ల. నేను ఫొటోల్లోనే చూశాను. నువ్వు చేత్తో తాకుతావు!

దొరికినవాటి ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టొద్దు. మెటల్ డిటెక్టర్లతో రాత్రిళ్లు దొంగతనంగా తవ్వేవాళ్లు అక్కడా ఉన్నారు.

ట్రెంచి అంచున తవ్విన మట్టి పోయనివ్వకు. వాన వెలిసిన పొద్దున లోపలికి దిగేముందు గోడల్లో బీటలు చూడు. బీట ఉంటే సూపర్‌వైజర్ దిగమన్నా దిగకు. పిరికిదానివంటారేమో, అననీ. నువ్వు చిన్నప్పుడు మా పెరట్లో గుంట తవ్వి అందులోనే కూర్చుని అన్నం తినేదానివి. ఆ పిల్లను అంత దూరంలో, అంత లోతులో ఊహించుకోవడం నాకు కష్టంగానే ఉందమ్మా.

మొదటి సెక్షన్ డ్రాయింగ్ పూర్తవగానే వాట్సాప్‌లో పంపు. స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు లేకుండా పంపితే ఊరుకోను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న