గేమ్ ఆడనివాళ్ళకి ఆ సినిమా ఎక్కాలంటే

"ఫాంటసీ గేమ్‌ని రెండు గంటల సినిమా చేయాలంటే ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి?" అని అడిగారు. నేను సినిమావాణ్ణి కాదు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, కాలేజీకి పోకుండా నెట్ సెంటర్లో వార్‌క్రాఫ్ట్ 3 అనే, మనుషులకీ ఆర్క్‌లనే రాక్షసజాతికీ యుద్ధాలు జరిగే కంప్యూటర్ గేమ్ ఆడి రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నవాణ్ణి. ఆ అర్హతతో చెప్తున్నా.

2016 జూన్‌లో ఆ గేమ్ కథల మీద వార్‌క్రాఫ్ట్ సినిమా వస్తే నలుగురం పొద్దున్నే బస్సెక్కి చెన్నై వెళ్ళి చూశాం. ముగ్గురం ఆట ఆడినవాళ్ళం, నాలుగోవాడు టికెట్ మేమే పెట్టుకుంటామంటే వచ్చినవాడు. దర్శకుడు డంకన్ జోన్స్ కూడా ఆ ఆట ఆడినవాడే. ఆ ఇష్టం తెరమీద తెలుస్తుంది, చిక్కు కూడా దాంతోనే వచ్చింది. అజెరాత్, డ్రేనార్, స్టార్మ్‌విండ్, డాలరాన్, కరజాన్... ఆటలోని లోకాల, ఊళ్ళ, కోటల పేర్లివి, మేం పేరుపేరుకీ ఈల వేశాం. నాలుగోవాడికి మాత్రం అవి ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి చదవబోయేలోపు పోయే స్టేషన్ బోర్డులు. ఇంటర్వెల్లో వాడి ప్రశ్న ఒకటే: "ఇప్పుడు వీళ్ళు ఏ ఊళ్ళో ఉన్నార్రా?"

లెక్కలూ అదే చెప్తాయి. ఖర్చు సుమారు 16 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి 44 కోట్ల దాకా వచ్చాయి కానీ, అందులో సగం ఆ ఆటకి లక్షలమంది అభిమానులున్న చైనాలోవే. అమెరికాలో 5 కోట్లు కూడా దాటలేదు.

మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం పెడతారు. చాలా ఊళ్ళలో 18 రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కథ తెలియనివాళ్ళు ఉండరు, అయినా రోజుకొక ఘట్టమే. అర్జునుడి తపస్సు రోజు చూడండి. వేషం కట్టినాయన ఎత్తైన తపస్సు మానుకి పద్యం పాడుకుంటూ మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయల కోసం పిల్లల్లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టుకుని ఉంటారు. ఒక మనిషి చెట్టెక్కడం, అంతే కథ. దానికి ఊరంతా ఎండలో నిలబడుతుంది.

గేమ్‌లో రుచి కూడా ఆ ఎక్కడంలోనే ఉంది. గంటలకొద్దీ నడుస్తాం, ఓడిపోతాం, మళ్ళీ మొదలుపెడతాం. సినిమాకి అంత టైమ్ ఉండదు కాబట్టి 18 రోజుల్నీ రెండు గంటల్లో కుక్కకూడదు, ఒక్క రాత్రి ఘట్టం తీసుకోవాలి. మంత్రాలు, రాజ్యాలు, వంశాలు దాని వెనక తెరలా ఉంటే చాలు.

ఏ ఘట్టం అంటారా? అది నాకు మా అవ్వ చూపించింది. తర్వాత ఎప్పుడో ఊళ్ళో ల్యాప్‌టాప్‌లో ఆ సినిమా మళ్ళీ చూస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోరలున్న ఆర్క్‌లని చూసి "ఏందిరా ఈ రాకాసి మూకలు" అంది. యుద్ధాలు జరిగినంతసేపూ తలెత్తలేదు. చివరికొచ్చేసరికి ఆర్క్ నాయకుడు డ్యురోటాన్ భార్య డ్రాకా పసిబిడ్డని బుట్టలో పెట్టి ఏట్లో వదులుతుంది. అవ్వ చేతులు ఆగిపోయినాయి.

"ఒరే, ఈడు కర్ణుడు కదరా!"

ఒక్క పేరూ తెలియకుండానే ఆమెకి అందిన చోటు అది. మీరు స్క్రిప్ట్ రాస్తుంటే, గేమ్ తెలియని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ళ చేతులు ఎక్కడ ఆగుతాయో అక్కడినుంచి మొదలుపెట్టండి. మంత్రగాళ్ళ సంఘం చరిత్ర తీసేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, నాకు తెలుసు. తీసేయండి.

"ఆ బిడ్డ ఏమైనాడు?" అని అవ్వ పట్టుబట్టింది. రెండో భాగం రాలేదు. నెట్ సెంటర్లో నేను రాత్రిళ్ళు నడిపించిన థ్రాల్ ఆ బిడ్డే. అందుకని ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు నేనే చెప్పాను: మనుషుల కోటలో బానిసగా పెరిగి, జనం ముందు కొట్లాడే మల్లుడై, తప్పించుకుపోయి తన వాళ్ళకి నాయకుడైన కథ. థ్రాల్ అనే పేరు ఆమెకి నోరు తిరగలేదు. కర్ణుడనే పిలిచింది.