నికరాగ్వాలోని సాన్ హువాన్ నదీ ప్రాంతం ఇంత చరిత్ర ఉండి కూడా ఎందుకు మారుమూలగా మిగిలిపోయింది?

కాలిఫోర్నియా బంగారం కోసం బయలుదేరిన వేలాదిమంది పనామా కాలువ పుట్టకముందే ఈ నది మీదుగా ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి చేరేవారని చదివాననీ, అంతటి నది ఒడ్డున ఈనాడు ఒక్క పెద్ద పట్నమైనా ఎందుకు లేదనీ, కాలువ అక్కడే తవ్వి ఉంటే ఆ ప్రాంతం బాగుపడేది కదా అనీ మీరు అడిగారు. నేను కోస్టారికాలో నీటి వనరుల నిర్వహణ చదువుకున్న రోజుల్లో, 2013లో ఒకసారి, 2017లో మరోసారి ఆ నది మీద ప్రయాణం చేశాను. అప్పుడు కళ్ళారా చూసినదాన్నీ, ఆ తరువాత పట్టుబట్టి చదివినదాన్నీ కలిపి చెబుతాను.

ముందు నేల సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడి చరిత్రంతా దాన్నిబట్టే నడిచింది. నికరాగ్వా సరస్సును అక్కడివాళ్ళు కోసిబోల్కా అంటారు. 8,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న ఆ మంచినీళ్ళు సముద్రంలోకి పోవడానికి ఉన్న ఏకైక మార్గం సాన్ హువాన్ నది. మన ఊరి చెరువుకు అలుగు ఎలాగో ఆ సరస్సుకు ఈ నది అలాంటిది. స్పెయిన్ వాళ్ళు తొలినాళ్ళలో దీన్ని ‘ఎల్ దెసాగ్వాదెరో’ అని పిలిచారు. నీళ్ళు బయటికి పోయే దారి అని దాని అర్థం. సరస్సు పడమటి ఒడ్డుకూ పసిఫిక్ మహాసముద్రానికీ నడుమ ఇరుకైన చోట ఉన్న నేల 20 కిలోమీటర్లకు మించదు, అయినా నీళ్ళు అటు పోకుండా తూర్పుకు తిరిగి, దాదాపు 200 కిలోమీటర్లు పారి కరీబియన్ సముద్రంలో కలుస్తాయి. అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో పుట్టి కూడా దానికి వీపు చూపించి బంగాళాఖాతం దాకా నడిచివచ్చే గోదావరి పక్కన పెరిగిన నాకు ఇది తెలిసిన కథలాగే అనిపించింది. తేడా అల్లా ఏమిటంటే, ఆ 20 కిలోమీటర్ల ఇరుకు నేలే నాలుగు వందల ఏళ్ళపాటు ప్రపంచంలోని పెద్ద దేశాలను ఆ నది దగ్గరికి లాక్కొచ్చింది. ఈ నది తవ్వి పెట్టిన దారి, సరస్సు దాని కొనసాగింపు, మిగిలింది ఆ కాస్త నేలే అని పటం చూసిన ప్రతివాడికీ తోచింది.

పటంలో కనిపించనివి మూడున్నాయి: నది రాళ్ళ మీద నుంచి ఉరకలేసే చోట్లు, వాన, ఇసుక. నా అభిప్రాయంలో మీ ప్రశ్నకు జవాబు ఈ మూడింటిలోనే ఉంది.

2013లో నేను కోస్టారికాలోని లోస్ చిలెస్ అనే ఊరి నుంచి రియో ఫ్రియో అనే చిన్న ఉపనది మీద పడవలో సాన్ కార్లోస్ చేరాను. సరస్సు నది అయ్యే చోట, ఆ మూల మీద కట్టిన ఊరు అది. నది పేరుతోనే ఉన్న రియో సాన్ హువాన్ జిల్లాకు అదే ముఖ్య పట్టణం. రేవులో పొడవాటి పడవలను ‘లాంచా’ అంటుంటే రాజమండ్రి రేవులో విన్న ‘లాంచీ’ గుర్తుకు వచ్చి మనసు కుదుటపడింది. అక్కడి నుంచి దిగువకు వెళ్ళేవాళ్ళకు ఆ లాంచాయే బస్సు, అదే సరుకుల బండి. బియ్యం బస్తాలు, కోళ్ళు, ఇంటి కప్పుకు వేసే రేకులు, నిద్రపోతున్న పసిపిల్ల, అన్నీ ఒకే పడవలో సర్దుకున్నాయి. బోకా దె సాబలోస్ దాటి ఎల్ కస్తియో అనే ఊరు దగ్గరపడుతుండగా నీటి రంగు మారింది. అప్పటిదాకా నూనెలా జారుతున్న నది మీద ఒక్కసారిగా తెల్లని నురగ కనిపించింది. అక్కడివాళ్ళు ‘రౌదల్’ అనే ఈ రాళ్ళ వరుసల్లో ఎల్ కస్తియో ముందున్న దాని పేరు ‘ఎల్ దియాబ్లో’, అంటే దెయ్యం. ఆ తరువాత దిగువకు వెళ్ళినప్పుడు చూశాను: పడవ నడిపే మనిషి ఇంజను వేగం తగ్గించి, నిలబడి, ఏ రాయి ఏ లోతున ఉందో కంఠతా వచ్చినవాడిలాగా ఒడ్డు పక్కన సన్నని పాయలోంచి పడవను దింపాడు. పడవలో మాటలు ఆగిపోయి, దాటగానే మళ్ళీ మొదలయ్యాయి.

ఎల్ కస్తియోలో కోట ఆ రాళ్ళ ఎదుటే ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఎగువకు వచ్చే ఏ పడవైనా అక్కడ వేగం తగ్గించక తప్పదు. 1665లో హెన్రీ మోర్గాన్ మనుషులు చిన్న పడవల్లో ఈ నది ఎక్కి, సరస్సు దాటి, గ్రనాడా నగరాన్ని దోచుకున్నారు. 1670లో మళ్ళీ దోపిడీ జరిగింది. అప్పుడు స్పెయిన్ వాళ్ళు 1673లో మొదలుపెట్టి 1675లో ఈ కోటను ముగించారు. 1762లో బ్రిటిష్ వాళ్ళూ ఆ తీరపు ఆదివాసులైన మిస్కీటో యోధులూ కలిసి దండెత్తిన వేళకు కోట అధిపతి హోసే దె హెర్రేరా చనిపోయి కొద్ది రోజులే అయింది. ఆయన కూతురు రఫేలా హెర్రేరా, 19 ఏళ్ళ పిల్ల, కోటను అప్పగించడానికి ఒప్పుకోక తానే ఫిరంగి పేల్చి సైనికులను నిలబెట్టింది. ఆ ఊళ్ళో పిల్లలకు ఆమె పేరు మన పిల్లలకు రుద్రమదేవి పేరు తెలిసినట్టు తెలుసు.

1780లో బ్రిటిష్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ దండులో 21 ఏళ్ళ నౌకాధికారి ఒకడు ఉన్నాడు, పేరు హొరేషియో నెల్సన్. తరువాతి కాలంలో ట్రఫాల్గర్ నౌకాయుద్ధ వీరుడైనవాడు అతనే. ఏప్రిల్ చివర కోట వాళ్ళ చేతికి చిక్కింది, కానీ అప్పటికే వానలు దిగాయి. జ్వరాలూ విరేచనాలూ దండును ఊడ్చేశాయి. నెల్సన్‌ను కోట లొంగకముందే జబ్బు మనిషిగా వెనక్కి తీసుకెళ్ళవలసి వచ్చింది, గెలిచినవాళ్ళు ఏడాది తిరగకుండానే కోట వదిలి పోయారు. ఈ వాన సంగతి పుస్తకంలో చదివితే తెలియదు. మన కోస్తా జిల్లాల్లో ఏడాది మొత్తానికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ నది సముద్రంలో కలిసే చోట 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. నేను ఆ కోట మెట్ల మీద ఉండగా వాన పట్టుకుంది. నాచు పట్టిన నల్లరాయి గోడకు ఆనుకుని నిలబడితే గోడే చెమర్చింది; సంచిలో ప్లాస్టిక్ కాగితం చుట్టి పెట్టుకున్న నోటు పుస్తకం సాయంత్రానికి ఉబ్బిపోయింది. తోలు బూట్లతో, తడి గుడ్డలతో అక్కడ వారాల తరబడి పడుకున్నవాళ్ళ గతి ఏమై ఉంటుందో అప్పుడు ఊహకు అందింది.

ఇక మీరు చదివిన కాలానికి వద్దాం. నది ముఖద్వారంలోని సాన్ హువాన్ దెల్ నోర్తె రేవును 1848లో బ్రిటిష్ వాళ్ళు ఆక్రమించి, జమైకా గవర్నరు చార్లెస్ గ్రే పేరు మీద గ్రేటౌన్ అన్నారు. 1851 నుంచి అమెరికా ఓడల వ్యాపారి కొర్నీలియస్ వాండర్‌బిల్ట్ కంపెనీ న్యూయార్కు నుంచి ఓడలో వచ్చినవాళ్ళను ఆ రేవులో దింపి, నది మీద ఆవిరి పడవల్లో ఎక్కించి, సరస్సు దాటించి, ఆ చివరి నేలను కంచరగాడిదల మీదా బండ్ల మీదా దాటించి పసిఫిక్ ఒడ్డున మరో ఓడ ఎక్కించేది. ఎల్ కస్తియో దగ్గర మాత్రం అందరూ దిగి, రాళ్ళ పక్కగా నడిచి, పైనున్న పడవ ఎక్కవలసిందే. ఆ దెయ్యపు రాళ్ళను ఏ కంపెనీ డబ్బూ కదిలించలేదు. 1854 జులైలో అమెరికా యుద్ధనౌక ఒకటి గ్రేటౌన్‌ను ఫిరంగులతో కాల్చి బూడిద చేసింది. 1855లో విలియం వాకర్ అనే అమెరికన్ తన సొంత దండుతో వచ్చి నికరాగ్వాను చేజిక్కించుకుంటే, అతనికి మనుషులూ తుపాకులూ చేరుతున్నది ఈ నది దారినే అని గ్రహించిన కోస్టారికా సైన్యం 1856 డిసెంబరులో ఆవిరి పడవలను పట్టుకుంది. వాకర్ పతనం అక్కడి నుంచే మొదలైంది.

గ్రేటౌన్ రేవును చంపింది మాత్రం ఫిరంగులు కావు, ఇసుక. నేను చదివిన చదువు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సరస్సు నుంచి వచ్చే నీళ్ళు దాదాపు తేటగా ఉంటాయి, ఎందుకంటే మట్టి సరస్సులోనే అడుగున పేరుకుంటుంది. దిగువన కోస్టారికా అగ్నిపర్వతాల కొండల మీద నుంచి సాన్ కార్లోస్, సారపికీ అనే రెండు ఉపనదులు వచ్చి కలుస్తాయి. అవి నిటారు వాలులోంచి లావా బూడిద మట్టినీ ఇసుకనూ మోసుకొస్తాయి. సముద్రానికి ఇంకా 30 కిలోమీటర్లు ఉండగా నది రెండుగా చీలుతుంది. నేడు నీటిలో పదింట తొమ్మిది వంతులు కోస్టారికా వైపున్న కొలరాడో పాయలోకి పోతాయి, పాత పేరు నిలుపుకున్న పాయకు మిగిలేది పదో వంతే. నీళ్ళు తగ్గిన పాయలో వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే ఇసుక కిందికి దిగుతుంది, ఇసుక దిగితే నీళ్ళు ఇంకా తగ్గుతాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పెద్ద ఓడలు నిలిచిన గ్రేటౌన్ రేవు 1860ల నాటికి మేట వేసి మూసుకుపోతూ వచ్చింది. 1889లో ఒక అమెరికన్ కంపెనీ కాలువ తవ్వకం మొదలుపెట్టి 1893లో డబ్బు లేక ఆపేసింది. 1902లో కాలువ ఎక్కడ తవ్వాలో అమెరికా సెనేట్ తేల్చే ముందు, పనామా పక్షం వాదించిన ఫిలిప్ బునో-వరియా అనే ఫ్రెంచి ఇంజనీరు, మొమొతొంబో అగ్నిపర్వతం బొమ్మ ఉన్న నికరాగ్వా తపాలా బిళ్ళలు కొని, అక్కడ అగ్నిపర్వతాల ముప్పు ఉందని చూపడానికి సెనేటర్లందరికీ పంపాడు. పనామా గెలిచింది.

పాత గ్రేటౌన్‌లో ఇప్పుడు ఇళ్ళు లేవు. ఒక మడుగు మధ్య ఆ కంపెనీ నాటి పూడికతీత యంత్రం తుప్పుపట్టి ఒరిగి నిలబడి ఉంది, దాని ఇనుప తొట్ల మీద మొక్కలు మొలిచాయి, కొన మీద నీటికాకి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. కాస్త లోపలికి నడిస్తే శ్మశానాలు. బ్రిటిష్ వాళ్ళకు వేరు, అమెరికన్లకు వేరు, కాథలిక్కులకు వేరు, ఫ్రీమేసన్ అనే సోదర సంఘం వాళ్ళకు వేరు. ఇనుప కంచె లోపల ఒక పాలరాతి పలక మీద వేళ్ళతో నాచు తుడిచి చదివితే ఎక్కడో ఇంగ్లండు ఊరిలో పుట్టిన ఒక కుర్రవాడి వయసు కనిపించింది. కాలువ వస్తుందని ఆశపడి వచ్చినవాళ్ళు వాళ్ళంతా.

నదినే నమ్ముకుని బతికినవాళ్ళ కథ వేరు. రామా ఆదివాసులు ఎప్పటి నుంచో ఉన్నారు. అడవిలో రబ్బరు పాలు తీసేవాళ్ళూ, వాంతి మందుకు పనికివచ్చే ‘రైసియా’ వేరు తవ్వేవాళ్ళూ వచ్చారు. పశువుల మేత కోసం ఉత్తరం నుంచి రైతులు వచ్చారు. 1980లలో నికరాగ్వాను ఏలుతున్న వామపక్ష సాందినిస్టా ప్రభుత్వానికి ఎదురు తిరిగిన ఎదెన్ పాస్తోరా దళం ఈ నది ఒడ్డునే తిష్ఠ వేసింది. యుద్ధంలో సాన్ హువాన్ దెల్ నోర్తె ధ్వంసమై, జనం కోస్టారికాకు పారిపోయారు. 1990 తరువాత తిరిగి వచ్చినవాళ్ళు ఇందియో నది ఒడ్డున కొత్త ఊరు కట్టుకున్నారు. నేను బస చేసిన ఇంటి పెద్దావిడ ఆ తిరిగివచ్చినవారిలో ఒకరు. ఎల్ కస్తియోలో పెద్ద పంజాల మంచినీటి రొయ్యలు వండిపెట్టారు. అవి మన నీలకంఠ రొయ్యకు దగ్గరి చుట్టాలు. పక్కన బియ్యమూ ఎర్ర చిక్కుడు గింజలూ కలిపి వేయించిన ‘గాయో పింతో’ ఉంటే ఆ పూట అన్నం తిన్నట్టే తిన్నాను.

కాలువ వచ్చి ఉంటే బాగుపడేదా అన్న మీ మాటకు నా జవాబు, లేదనే. పెద్ద ఓడ పోవాలంటే ఆ రాళ్ళను పేల్చి, ఆనకట్టలు కట్టి, లోయను ముంచాలి. ఇప్పుడు ఎడమ ఒడ్డున నిలిచి ఉన్న ఇందియో మాయిస్ అడవి అప్పుడు ఇలా ఉండేది కాదు. సముద్రం నుంచి నది ఎక్కి సరస్సు దాకా వచ్చే బుల్ షార్కులు ఆ సరస్సుకే ప్రత్యేకమైన జాతి అని చాలాకాలం అనుకున్నారు. 1960లలో థామస్ థోర్సన్ అనే శాస్త్రవేత్త వాటికి గుర్తులు తగిలించి, అవి రాళ్ళను దాటి రాకపోకలు సాగిస్తున్నాయని తేల్చాడు. ఆ తరువాత విపరీతంగా వేటాడడంతో అవి అరుదైపోయాయి. అడవి కూడా క్షేమంగా లేదు. 2016 నవంబరు 24న ఓటో తుపాను సరిగ్గా అక్కడే తీరం దాటింది. 2017 ఫిబ్రవరిలో, కొత్తగా వచ్చిన సాంతా ఫె వంతెన దారిన వెళ్ళి చూస్తే, నేను ఆకుపచ్చ గోడలా చూసిన అడవిలో మోడులు నిలబడి, కూలిన మానులు ఎండుతున్నాయి. 2018 ఏప్రిల్‌లో మంటలు లేచి 5,000 హెక్టార్లకు పైగా కాలిపోయింది.

సరిహద్దు తగవు కూడా ఇసుకతోనే ముడిపడింది. 1858 ఒప్పందం ప్రకారం నది నీళ్ళు పూర్తిగా నికరాగ్వావి, దిగువ భాగంలో కుడి ఒడ్డు కోస్టారికాది, ఆ ఒడ్డువారికి వర్తకం కోసం పడవలు నడుపుకునే శాశ్వత హక్కు ఉంది. 2010లో ఒకప్పటి తిరుగుబాటు నాయకుడు పాస్తోరాయే నికరాగ్వా తరఫున పూడికతీతకు అధిపతిగా వచ్చి, ముఖద్వారం దగ్గర కొత్త పాయ తవ్వించాడు. సుమారు 3 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల ఎవరిదన్న వ్యాజ్యం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 2015లో అది కోస్టారికాదని తేలింది. నది వెంట రోడ్డు వేసేముందు పర్యావరణ ప్రభావం అంచనా వేయలేదని అదే తీర్పు కోస్టారికానూ తప్పుపట్టింది. 2018లో పాడైన చెట్లకూ నేలకూ ఖర్చులకూ కలిపి నికరాగ్వా 3,78,890 డాలర్ల పైచిలుకు చెల్లించాలని లెక్క కట్టారు.

వీటికి ముందు, 2009లో, అదే న్యాయస్థానం ఇచ్చిన మరో తీర్పును నేను మళ్ళీ మళ్ళీ చదివాను. ‘వర్తకం కోసం’ అన్న మాటకు అర్థమేమిటి, అందులో ప్రయాణికులు వస్తారా, పోలీసులు వస్తారా అని పేజీలకు పేజీలు చర్చించిన తరువాత, కోస్టారికా ఒడ్డున నివసించేవారు తమ తిండి కోసం ఒడ్డు మీద నుంచి చేపలు పట్టుకునే ఆచారాన్ని నికరాగ్వా మన్నించాలని అందులో ఉంది. సారపికీ కలిసే చోట సైనిక చౌకీ ముందు మా లాంచా ఆగి, సైనికుడు మా పేర్లు రాసుకుంటుండగా, ఎదురుగా కుడి ఒడ్డు మీద పదేళ్ళ పిల్లవాడొకడు నీళ్ళలో పాదాలు పెట్టకుండా, బురదగట్టు అంచునే కూర్చుని, ఖాళీ డబ్బాకు చుట్టిన గాలపు తాడును నదిలోకి విసురుతున్నాడు.