నూటికి మూడు రూపాయల అప్పుకన్నా ముందు చాంబర్ బోల్టు విప్పించండి

ప్రశ్న: నల్లగొండలో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. జీతం 46 వేలు. ఇంటి ఖర్చు 30 వేలు. 2 లక్షల చిట్టీకి నెలకు 10 వేలు కడుతున్నా. 20 నెలల్లో 8 అయ్యాయి. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 4 వేలు, 14 నెలలుగా నడుస్తోంది, ఇప్పటి విలువ 58 వేలు. బ్యాంకులో 9 వేలున్నాయి. నాది 2015 డీజిల్ కారు. పోయిన వారం హైదరాబాద్ నుంచి వస్తుంటే చిట్యాల దగ్గర ఇంజిన్ కాగి ఆవిర్లు కక్కింది. పక్క హోటల్‌లో బోరునీళ్లు పోయించి ఎలాగో ఇల్లు చేరాను. ఇంజిన్ ఆయిల్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలిసిందని మెకానిక్ అంటున్నాడు. హెడ్డు (ఇంజిన్ పైభాగం) దించితే 70 వేలు, ఇంజిన్ మొత్తం చేయిస్తే లక్షా 20 వేలట. తెలిసిన ఫైనాన్స్ వాళ్లు ఆర్‌సీ పెట్టుకుని నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర ఇస్తామంటున్నారు. తీసుకోనా? జీరో డెప్ ఇన్సూరెన్స్ ఉంది, క్లెయిమ్ వస్తుందా? కారు అమ్మేయడమే మేలా?

జవాబు: తీసుకోవద్దు. లక్షన్నరకు నెలకు 4,500 వడ్డీ. ఏడాదికి 54 వేలు కట్టినా అసలు అలాగే కూర్చుని ఉంటుంది. మీకు కావాల్సింది 70 వేలు, వాళ్లు ఇస్తామంటున్నది లక్షన్నర. ఇస్తున్నారు కదా అని తెచ్చుకుంటే మిగతా 80 వేలు ఎటుపోయాయో మూడు నెలల తర్వాత మీకే లెక్క దొరకదు. పైగా ఆర్‌సీతో ఆగరు. సంతకం పెట్టిన ఫారం 29, ఫారం 30, ఖాళీ చెక్కులు, రెండో తాళం కూడా అడుగుతారు. ఆ రెండు ఫారాలూ బండిని ఇంకొకరి పేరు మీదికి మార్చడానికి వాడేవి. వాటి మీద సంతకం చేసి ఇస్తే మీ కారును వాళ్ల చేతిలో పెట్టినట్టే. బేరమాడితే ‘సరే, నూటికి ఒకటిన్నర, ఫ్లాట్’ అని దిగొస్తారు. దానికీ పొంగిపోకండి. 70 వేలకు 12 నెలలు 6,883 చొప్పున కట్టాలి. తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ పడుతుంది కాబట్టి అది ఏడాదికి 31 శాతం దాటుతుంది.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ 9 వేలు. నెలకు 14 వేలు దాచే మనిషి దగ్గర, బండి ఆగిన రోజున తీయడానికి ఉన్నది అంతే. చిట్టీ, సిప్ నడుస్తున్నాయి కదా అని ధైర్యంగా ఉండేవాళ్లందరిదీ ఇదే పొరపాటు. చేతిలో డబ్బు లేనప్పుడు మనిషి తొందరపడతాడు. అప్పుడు రిపేరు ఖర్చు మెకానిక్ నోటి నుంచి, వడ్డీ ఫైనాన్స్ వాళ్ల నోటి నుంచి ఎంత వస్తే అంతే. మీరూ జబ్బేమిటో తేలకముందే అప్పు వెతుక్కుంటున్నారు.

కాబట్టి ముందు జబ్బు తేల్చండి. ఇప్పటి నుంచి ఇంజిన్‌ను ఒక్కసారి కూడా స్టార్ట్ చేయొద్దు. షెడ్డు రెండు కిలోమీటర్లే అయినా లాగించుకునే వెళ్లండి. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి, ఉంటే ఆ ఖర్చూ తప్పుతుంది. కూలెంట్ కలిసిన ఆయిల్‌కు బేరింగుల మధ్య పొరలా నిలిచే శక్తి పోతుంది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ కలగలుపు క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) బేరింగులకు, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బోకు ఎక్కుతుంది. 70 వేల పని లక్షా 20 వేలయ్యేది అక్కడే.

బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున మీ ఎదుటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ డ్రైన్ బోల్టును మెల్లగా వదులు చేయించండి. కూలెంట్ ఆయిల్ కన్నా బరువు, అడుగుకు దిగుతుంది. విడిగా పేరుకుని ఉంటే ముందు రంగునీళ్లు కారి, తర్వాత ఆయిల్ వస్తుంది. బాగా చిలికినట్టు కలిసిపోయి ఉంటే పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కగా దిగుతుంది. ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త మీగడలా ఉండి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అది చెమ్మ కూడా కావచ్చు. చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే బండ్లలో అది మామూలే.

కలిసిందని ఖాయమైతే తర్వాతి ప్రశ్న, ఎక్కడి నుంచి కలిసింది? మన దగ్గర చాలామంది నేరుగా హెడ్డు దించేస్తారు. చాలా డీజిల్ ఇంజిన్లలో ఆయిల్ ఫిల్టర్ పక్కనే ఆయిల్ కూలర్ ఉంటుంది. అందులో ఆయిల్, కూలెంట్ పక్కపక్క దారుల్లో పోతాయి. అది తూటు పడితే, ఇంజిన్ నడిచేటప్పుడు ఒత్తిడి ఎక్కువున్న ఆయిల్ కూలెంట్‌లోకి వస్తుంది. ఆపాక ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, వేడి మీదున్న కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు కనిపిస్తే ముందు కూలర్‌ను అనుమానించాలి. దాన్ని విప్పి, గాలి పట్టి, నీళ్లలో ముంచితే బుడగలు చెబుతాయి. తప్పు అక్కడే దొరికితే హెడ్డు జోలికి పోనక్కర్లేదు, బిల్లు చాలా తగ్గుతుంది.

కూలర్ బాగుంటే, చల్లగా ఉన్న ఇంజిన్‌లో కూలెంట్ డబ్బా మూతి దగ్గర పంపు పెట్టి మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా ఎక్కించమనండి. సాధారణంగా ఒక బార్‌కు అటూఇటూ ఉంటుంది. పావుగంటలో ముల్లు దిగి, బయట ఎక్కడా చుక్క కనిపించకపోతే లోపల లీకున్నట్టు. అప్పుడు హెడ్డు దించక తప్పదు. మీ బండి కాగింది కాబట్టి, పైగా వేడి మీద చన్నీళ్లు పోశారు కాబట్టి, అల్యూమినియం హెడ్డు వంకరపోయి ఉండొచ్చు, పగిలి కూడా ఉండొచ్చు. గ్యాస్కెట్ (హెడ్డు కింద లీకు ఆపే పలక) ఒక్కటి మార్చి బిగిస్తే నెల తిరక్కుండా మళ్లీ షెడ్డుకే వస్తారు. కొటేషన్ కాగితం మీద రాయించుకోండి. లేత్ షెడ్డులో పగుళ్ల పరీక్ష, స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో హెడ్డు సాపు చూడటం, కంపెనీ చెప్పిన హద్దు దాటితే (చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కల) సాపు చేయించడం, కొత్త హెడ్ బోల్టులు, ఇంజిన్‌కు సరిపడే మందం గ్యాస్కెట్ అన్నీ అందులో ఉండాలి. తర్వాత చవక ఆయిల్, కొత్త ఫిల్టర్‌తో రెండుసార్లు కడిగాకే అసలు ఆయిల్ పోయాలి. ‘ఇంజిన్ మొత్తం’ అన్న మాటకు మాత్రం ఊరికే తలూపొద్దు. చాంబర్ దించి ఒక బేరింగ్ క్యాప్ విప్పి చూపించమనండి. బేరింగు మీద రాగి రంగు తేలి ఉంటేనే ఆ లక్షా 20 వేల మాట.

బోరునీళ్ల గురించి ఒక్క మాట. దారిలో గతిలేక పోసింది సరే, అలాగే ఉంచేస్తే మాత్రం తప్పు. మన జిల్లా బోరునీళ్లలోని ఉప్పులు రేడియేటర్‌లో, కూలర్ సందుల్లో గారలా పడతాయి. అంతా కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి.

ఇన్సూరెన్స్ రాదు. జీరో డెప్ అంటే ప్రమాదం క్లెయిమ్‌లో పార్టుల తరుగు కోయకపోవడం. యంత్రం దానంతటది చెడితే పాలసీకి సంబంధం లేదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉన్నా అది నీళ్లు దూరినప్పుడు, అడుగున దెబ్బ తగిలి ఆయిల్ కారిపోయినప్పుడు పనికొస్తుంది. రాయి తగిలిందని రాయించి క్లెయిమ్ పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సర్వేయర్ కళ్లు మీకన్నా నాకన్నా చురుకైనవి.

ఇక డబ్బు. హెడ్డు దించాల్సిందేనని తేలితే ఫండ్ నుంచి 35 వేలు తీయండి. ఏడాది నిండని యూనిట్లకు ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోత) పడినా మహా అయితే 350 రూపాయలు. అదే 35 వేలకు మూడు రూపాయల వడ్డీ ఒక్క నెలకే 1,050. మిగిలిన 23 వేలు ముట్టొద్దు, ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే అవే దిక్కు. తక్కువపడే 35 వేలకు ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులోనే గిర్వి పెట్టండి, వీధి చివర కొట్లో కాదు. 12 శాతమైనా నెలకు 350 వడ్డీ. సిప్ ఆపితే ఆ 4 వేలు, ఇప్పుడు మిగులుతున్న 2 వేలు కలిపి నెలకు 6 వేలు కట్టొచ్చు. ఏడు నెలల్లో నగలు ఇంటికొస్తాయి. లోన్ యాప్‌ల వైపు, క్రెడిట్ కార్డుతో నగదు తీయడం వైపు చూడనే వద్దు.

చిట్టీని ఇప్పుడు పాడొద్దు. అవసరంలో ఉన్నవాడి పాట ఎంత లోతుకు పోతుందో మీకు తెలిసిందే. అది రిజిస్టరైన చిట్టీయేనా అన్నది మాత్రం ఈ వారమే ఆరా తీయండి. చివరిదాకా ఉంటే 12 నెలల్లో కమీషన్ పోను సుమారు లక్షా 90 వేలు వస్తాయి. బంగారం విడిపించాక ఆ 6 వేలు ఐదు నెలలు విడిగా వేస్తే 30 వేలు. రెండూ కలిపి 2 లక్షల 20 వేలు. ప్రైవేటు కాలేజీ ఉద్యోగం మీది. అడ్మిషన్లు తగ్గితే ముందు కోసేది జీతాలే. అందుకే మీకు మూడు నెలల ఖర్చు చాలదు, ఆరు నెలలది, అంటే లక్షా 80 వేలు కావాలి. 60 వేలు మీ జీతం పడని వేరే బ్యాంకు ఖాతాలో, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఇన్‌స్టంట్ సదుపాయమున్న ఫండ్ అయితే రోజుకు 50 వేలు లేదా మీ నిల్వలో 90 శాతం, ఏది తక్కువైతే అది, వెంటనే చేతికొస్తుంది. ఆ పైన 40 వేలు బండికి. పదేళ్లు దాటిన డీజిల్ కారు ఏటా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఈ లక్ష్యం పూర్తయ్యాకే సిప్ మళ్లీ మొదలుపెట్టండి.

అమ్మడం సంగతి: ఇలాగే అమ్మితే తుక్కు ధర చెబుతారు. బాగుచేయించి 500 కిలోమీటర్లు తిప్పండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, డబ్బాలో కూలెంట్ గీత దిగకపోతే అప్పుడు ధర కట్టించుకోండి.