ర్యాంపు గీత ఆరకముందే వెళ్ళు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు డాలస్‌లో కంప్యూటర్ ఉద్యోగం మానేసి, టెక్సస్‌లోనే వేకో దగ్గర ఐ-35 హైవే పక్కనున్న పాత బేకరీని లీజుకు తీసుకుంటున్నావని చెప్పి, "అక్కా, నువ్వయినా దానికి నచ్చజెప్పు" అంటూ ఏడ్చింది. సరేనని ఫోను పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం వేసింది. దానికంటే ముందు గర్వం వేసింది. మీ పెదనాన్న ఉంటే ఆ రాత్రే కారు తీయమనేవారు, ఆ కొట్టు ఎటు ముఖం పెట్టి ఉందో చూడాలని.

మానుకొమ్మని రాయడం లేదు. నువ్వు మానవు, ఆ మొండితనం నాదే. పద్దెనిమిదేళ్ళు కొట్టు నడిపినదాన్ని, అందులో పన్నెండేళ్ళు హైవే పక్కనే, కాబట్టి తోచింది రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు, అల్లుడి చేత కూడా చదివించు.

లైసెన్సులు, ఆరోగ్య శాఖ తనిఖీ, ఇన్సూరెన్సు ఒక్క వారం కూర్చుంటే అయిపోతాయి. పాత ఓవెన్ కొనకు. మొదటి ఆరు నెలల జీతాలు ముందే పక్కన పెట్టుకో. పిండి గురించి నీకు నేను చెప్పాల్సింది లేదు. పాలు, గుడ్డు సొన, వెన్న వేసి కలిపిన మెత్తటి పిండి రెండుసార్లు పొంగాలని పదేళ్ళ వయసులోనే నా వంటగదిలో బల్ల ఎక్కి నిలబడి నేర్చుకున్నావు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రోడ్డు. మీ ఎగ్జిట్ దగ్గర వంతెన మారుస్తారని, హైవే ఎక్కి దిగే ర్యాంపులు జరుపుతారని మాట నడుస్తోందట కదా. "ఇంకా ప్లాను దశలోనే ఉందమ్మా, ఎన్నేళ్ళు పడుతుందో" అని మీ అమ్మతో అన్నావట. అమ్మడూ, ప్లాను దశలో ఉన్నప్పుడే భయపడాలి. కాంక్రీటు పోశాక భయపడినా ఒకటే, పడకపోయినా ఒకటే.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మా కొట్టు పోయింది వ్యాపారం చేతకాక అని చుట్టాలందరూ అనుకున్నారు. మీ పెదనాన్న కూడా ఆ మాటను అలాగే ఉండనిచ్చారు. నిజం వేరే.

1996లో మేం ఆ కొట్టు తీసుకున్నప్పుడు దాని ముందున్న ఫ్రంటేజ్ రోడ్డు, అంటే హైవేను ఆనుకుని సాగే పక్కరోడ్డు, రెండువైపులా నడిచేది. అప్పట్లో పల్లెల పక్కన చాలా చోట్ల అలాగే ఉండేది. ఉత్తరం నుంచి వచ్చే కార్లు కొట్టుకు అరమైలు ముందే హైవే దిగేవి. దిగిన ప్రతి కారూ మా గుమ్మం ముందు నుంచే పోవాలి. తెల్లవారేసరికి నలభై డజన్ల రొట్టెలు అమ్మిన రోజులున్నాయి. ఆరేళ్ళు అలా నడిచింది. ఆ తరవాత రోడ్డు శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రోడ్డు మార్పుల మీద ప్రజల అభిప్రాయాలు వింటాం, ఫలానా మంగళవారం సాయంత్రం బడి భోజనశాలలో సమావేశం, మ్యాపులు చూడవచ్చు అని. నేను చదివాను. చదివి, రసీదుల సొరుగులో పెట్టాను. మీ పెదనాన్నకు చూపించలేదు.

ఎందుకో చెబుతాను. ఆయనకు చూపిస్తే వెళదాం అంటారు. వెళితే మాట్లాడాలి. మైకు ముందు, ఊరివాళ్ళ మధ్య, నా ఇంగ్లీషులో. కొట్టులో కౌంటరు వెనక నిలబడితే నాకు జంకు లేదు. కానీ ఆ ఊళ్ళో నాలుగు తరాలుగా ఉన్నవాళ్ళ ముందు లేచి "ఇది మా రోడ్డు, ఇలా ఉండాలి" అనడానికి నోరు రాలేదు. మనం బయటినుంచి వచ్చినవాళ్ళం, మన మాట ఎవరు రాసుకుంటారు అనుకున్నాను. ఆ ఒక్క సాయంత్రం బిడియం మా పన్నెండేళ్ళ కష్టాన్ని తినేసింది.

కొత్త ప్లానులో ఫ్రంటేజ్ రోడ్డును ఒకవైపు చేశారు. దిగే ర్యాంపును మా కొట్టు దాటించి దక్షిణానికి జరిపారు. ఇది కాగితం మీద చూస్తే చిన్న గీత. చక్రం పట్టుకున్నవాడికి ఎలా ఉంటుందో ఆలోచించు. హైవే మీద నుంచి మా బోర్డు కనబడుతుంది, కానీ దిగేసరికి కొట్టు వెనకబడిపోతుంది. ముందుకు పోయి వంతెన కింద తిరగాలి, అవతలి రోడ్డు మీద వెనక్కి పైవంతెన దాకా రావాలి, అక్కడ మళ్ళీ తిరిగి మా ముందుకు రావాలి. నాలుగు మైళ్ళు. తెలిసినవాళ్ళయితే అంతకు ముందరి ఎగ్జిట్‌లోనే దిగి, సిగ్నల్ దాటి, నేరుగా వస్తారు. ఆస్టిన్ పోతున్న కొత్తవాడికి అది ఎలా తెలుస్తుంది? రొట్టెముక్క కోసం నాలుగు మైళ్ళు ఎవరు తిరుగుతారు? నలభై డజన్లు పదిహేనయ్యాయి. ఇంకో ఆరేళ్ళు పళ్ళ బిగువున లాగి, అయినకాడికి అమ్మేసి, మిగిలిన డబ్బుతో ఊరి లోపల చిన్న కొట్టు పెట్టుకుని మరో ఆరేళ్ళు నడిపాం.

పరిహారం అడగలేదా అంటావు. అడిగాం. వకీలు మా ముందు కాగితం పెట్టి చదివాడు. 1993లోనే ఆస్టిన్‌లోని ఒక హైవే కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ట్రాఫిక్ వేరే దారి పట్టడం, చుట్టు తిరిగి రావలసి రావడం, కొట్టు సరిగా కనబడకపోవడం, పనులు జరిగేటప్పటి ఇబ్బంది, వీటికి పరిహారం రాదు. మన నేల తీసుకుంటే డబ్బిస్తారు, మన గుమ్మానికి దారి పూర్తిగా మూసేస్తే వాదించుకోవచ్చు. దారి పొడవైతే మాత్రం అది మన ఖర్మ. అందుకే చెబుతున్నాను, గీత మారాలంటే అది పెన్సిలుతో ఉన్నప్పుడే మారాలి.

కాబట్టి సమావేశం ఉందని తెలిస్తే వెళ్ళు. బల్లల మీద పొడుగాటి మ్యాపులు పరుస్తారు. నీ కొట్టు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమను. దిగే ర్యాంపు కొట్టుకు ముందా, తరవాతా? ఫ్రంటేజ్ రోడ్డు ఒకవైపా? వంతెన కింద సిగ్నల్ అక్కర లేకుండా తిరిగే లేను పెడుతున్నారా? నీ డ్రైవ్‌వే ఎన్ని అడుగులు? నీ బోర్డు స్తంభం రోడ్డు హద్దులోకి వస్తుందా? అన్నీ అడుగు. అడిగినదాన్ని ఇంటికొచ్చి కాగితం మీద రాసి పంపు. నోటితో అన్నది గాలికి పోతుంది, గడువులోపు రాసి పంపింది దస్త్రంలో చేరుతుంది, దానికి రోడ్డు శాఖవాళ్ళు జవాబు రాయాలి. నీ దగ్గర కొనేవాళ్ళ చేత కూడా రాయించు. ఆస్టిన్ నడిబొడ్డున ఇదే ఐ-35 మీద 8 మైళ్ళ పనికి వందకు పైగా ఇళ్ళు, దుకాణాలు పోయే ప్లాను వేశారు. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి పోట్లాడారు. రోడ్డు ఆగలేదు, కానీ ఆ మ్యాపు మొదట గీసినట్టు మాత్రం మిగలలేదు.

లీజు కూడా మళ్ళీ తీసి చూడు. స్థలం కొంత రోడ్డుకు పోతే వచ్చే డబ్బంతా యజమానికే అని రాసి ఉంటుంది. సంతకానికి ముందే మార్పించు. డ్రైవ్‌వే మూసిన నెలల్లో అద్దె తగ్గాలని రాయించు. కొట్టే ఖాళీ చేయాల్సి వస్తే, అద్దెకున్నవాళ్ళకు కూడా సామాను తరలింపు ఖర్చులు ఇవ్వాలని 1970 నాటి కేంద్ర చట్టం ఉంది. ఆ మాట ఎవరూ పిలిచి చెప్పరు, నువ్వే అడగాలి.

ఇక నీ బోర్డు సంగతి. మీ అమ్మ నమూనా పంపింది. "ఆంధ్రా కొలాచెలు: కోడి వేపుడు, గోంగూర మటన్." చూసి నాకు కోపం వచ్చింది, దాచుకోను. కొలాచె అంటే అక్కడి చెక్ వాళ్ళ తియ్యటి రొట్టె. మాంసం పెట్టినదాన్ని ఆ ఊళ్ళో కొలాచె అంటావా?

నేనూ అదే తప్పు చేశాను. సాసేజి చుట్టిన రొట్టెల ముందు "కొలాచె" అని చీటీ పెట్టాను, చుట్టుపక్కల డోనట్ కొట్లన్నీ అలాగే పెడుతున్నాయి కదా అని. మొదటి వారంలోనే ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ ముత్తాతలు చెక్ వాళ్ళ మొరావియా నుంచి గాల్వెస్టన్ రేవులో దిగినవాళ్ళు. 1850ల నుంచి అలా వచ్చినవాళ్ళ పిల్లలే ఆ ఊళ్ళన్నీ. చీటీ చూసి, "ఇది క్లోబాస్నెక్. కొలాచెలో మాంసం ఉండదు" అని, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. మీ పెదనాన్న మాత్రం తాపేశ్వరం మనిషి కదా, ఆయనకు వెంటనే అర్థమైంది. "మన మడత కాజాను ఎవడైనా గొట్టం కాజా అని అమ్మితే ఊరుకుంటామా?" అన్నారు. ఆ రాత్రే చీటీలు మార్చారు.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. చీటీ చూసింది. చేతిలో గిన్నె ఉంది. పాలు, పంచదార వేసి ఉడికించిన గసగసాల ముద్ద. మనింట్లో గసగసాల పాయసం వాసన వచ్చింది నాకు, కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి ఏళ్ళ తరబడి ప్రతి గురువారం వచ్చి నేర్పింది. కొలో అంటే చక్రం, అందుకే అది గుండ్రంగా ఉండాలి, మధ్యలో పండు ముద్దో, జున్నో, గసగసాలో కనబడుతూ ఉండాలి. పైన వెన్న, పంచదార, పిండి నలిపిన పొడి చల్లాలి, దాన్ని పొసిప్కా అంటారు. సాసేజిని పూర్తిగా మూసేసే రొట్టె, ఆ క్లోబాస్నెక్, టెక్సస్‌లో పుట్టిందే. 1950లలో తామే మొదలుపెట్టామని వెస్ట్ అనే ఊళ్ళో విలేజ్ బేకరీవాళ్ళు చెప్పుకునేవారు. కొలాచె రాజధాని మాదంటే మాదని కాల్డ్‌వెల్, వెస్ట్ ఊళ్ళవాళ్ళు వాదించుకుంటే బయటివాళ్ళకు నవ్వులాటగా ఉండవచ్చు. నువ్వు నవ్వకు. నూట యాభై ఏళ్ళలో భాష దాదాపు పోయింది, పాటలు కొన్ని మిగిలాయి, ఈ పేరు మిగిలింది. దాన్ని పట్టుకుని కూర్చున్నారు.

గోంగూర మటన్ పెట్టు. తప్పకుండా పెట్టు, ఆస్టిన్ పోయే మనవాళ్ళు వరుస కడతారు. కానీ దానికి దాని పేరు పెట్టు, గోంగూర రొట్టె అను. గుండ్రటి కొలాచెలు వేరే పళ్ళెంలో, వేరే చీటీతో ఉంచు. గొడ్డుమాంసం, పందిమాంసం ఉన్నవాటిని స్పష్టంగా రాసి దూరంగా పెట్టు, తిననివాళ్ళు మనలోనే ఎందరో ఉన్నారు.

ఇంకొకటి, నవ్వకుండా విను. రాత్రి రెండింటికి పిండి కలపడానికి వెళ్ళేటప్పుడు ఒక్కదానివే కారు నడపకు. పనులు మొదలయ్యాక దారి మళ్ళించే నారింజరంగు పీపాలు ఒక రాత్రి ఒకచోట, మర్నాడు ఇంకోచోట ఉంటాయి. మా రోడ్డును ఒకవైపు చేసిన రాత్రి మీ పెదనాన్న అలవాటు ప్రకారం తిప్పారు. ఎదురుగా లారీ దీపాలు. గడ్డిలోకి దింపేశారు కాబట్టి బతికారు. ఆ తరవాత ఎన్నేళ్ళయినా ఆయన గుమ్మం దాటితే ఫోను వచ్చేదాకా నేను పొయ్యి వెలిగించేదాన్ని కాదు. నువ్వు కొట్టుకు చేరగానే నాకు ఫోను చెయ్యి. రెండున్నరకయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

ఆ సమావేశం సంగతి ఇంకాస్త ఉంది. ముసలావిడ వెళ్ళింది. వాళ్ళ పెద్దలను పాతిపెట్టిన శ్మశానానికి వెళ్ళే మలుపు పోతోందని పదకొండుమంది ఇరుగుపొరుగులను వెంటబెట్టుకుని వెళ్ళింది. చేతికర్ర ఆనించి లేచి, వణికే గొంతుతో రెండు నిమిషాలు మాట్లాడిందట. ప్లానులో ఆ వంతెన కింద తిరుగుడు లేను చేరింది, ఇప్పటికీ ఉంది. మర్నాడు గురువారం కాకపోయినా కొట్టుకు వచ్చింది. నన్ను కోప్పడలేదు. "నీ కోసం నా పక్క కుర్చీ ఉంచాను. మ్యాపు మీద మీ కొట్టు చూపించి, వీళ్ళు రాలేదా అని ఇంజినీరు రెండుసార్లు అడిగాడు" అని మాత్రం అంది.

నీ సమావేశం తేదీ తెలియగానే నాకు చెప్పు. అబ్బాయి హ్యూస్టన్ నుంచి నన్ను తీసుకొస్తానన్నాడు. మోకాళ్ళ నొప్పులని మీ అమ్మ వద్దంటుంది, వినకు. గసగసాలు రుబ్బి డబ్బాలో పెట్టి తెస్తాను. నీ పక్క కుర్చీ నాకు ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ