టెక్ సందేహాలు: రాత్రి బిర్యానీ, పొద్దున 1.8 కిలోలు

ప్రశ్న: కొత్తగా స్మార్ట్ వెయింగ్ మెషిన్ కొన్నాను. ఆదివారం పొద్దున 71.2 కిలోలు ఉన్నాను. రాత్రి బయట బిర్యానీ తిన్నాం. సోమవారం పొద్దున చూస్తే 73! మెషిన్ వెనక్కి ఇచ్చేయమంటారా?
– పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దు, మెషిన్ బాగానే ఉంది. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలని లెక్క. ఒక్క రాత్రిలో 1.8 కిలోల కొవ్వు పట్టాలంటే ఒంటికి రోజూ కావాల్సినదానికి పైన మరో 13 వేల కేలరీలకు మించి తినాలి. బిర్యానీ మీద ఎంత ప్రేమున్నా అది అయ్యే పని కాదు.

పెరిగినదాంట్లో ఎక్కువ భాగం నీరే. అన్నంలోని పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో చేరుతుంది. ప్రతి గ్రాముతోపాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా చేరుతుంది. 200 గ్రాములు దాచుకుంటే నీటితో కలిపి 800 గ్రాములైంది. ఇక ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లోని ద్రవాల ఉప్పదనం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి రోజూ కన్నా 4-5 గ్రాములు ఎక్కువ తింటే, అది బయటికి పోయేదాకా అర లీటరు నీరు ఆగిపోతుంది. మిగిలిన అర కిలో ఇంకా పేగుల్లోనే ఉన్న తిండి. ఉప్పు చేపల కూర తిన్నా, ఆవకాయ గట్టిగా కలిపినా మర్నాడు జరిగేది ఇదే. రెండు మూడు రోజులు మామూలు భోజనం చేస్తే దిగిపోతుంది.

దీనికి ఉల్టా కూడా ఉంది. మే నెలలో ఆర్కే బీచ్ దగ్గర గంట పరుగెత్తి వచ్చి కిలో తగ్గానని సంబరపడేవారికి చెప్పేదొక్కటే: అది చెమట. రెండు గ్లాసుల మజ్జిగ తాగేసరికి సగం తిరిగొస్తుంది.

ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోకండి, వారం సగటు చూడండి. యాప్‌లో ఆ సదుపాయం లేకపోతే గూగుల్ షీట్స్‌లో ‘A’ నిలువు వరుసలో తేదీ, ‘B’ నిలువు వరుసలో బరువు రాసుకోండి. C8 గడిలో B2 నుంచి B8 వరకు ‘ఏవరేజ్’ ఫార్ములా పెట్టి కిందికి లాగండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతోనే పోల్చాలి. ఏదో ఒక రోజు అంకె కిలోన్నర అటూ ఇటూ ఊగినా ఆ ఊపుకు సగటు 200-300 గ్రాములకు మించి కదలదు. నిజంగా జరుగుతున్న మార్పు అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: జిమ్‌లో చేరి మూడు వారాలైంది, కండ కోసమని క్రియాటిన్ పొడి వాడుతున్నాను. మజిల్ మాస్ 2.5 కిలోలు పెరిగిందని యాప్ చెబుతోంది. నమ్మొచ్చా? మూడు షిఫ్టుల ఉద్యోగం, రోజూ ఒకే టైముకు చూసుకోవడం కుదరదు.
– పాఠకుడు, గాజువాక

జవాబు: బరువు పెరిగిన మాట నమ్మండి, కండ మాట నమ్మకండి. మెషిన్ నిజంగా కొలిచేవి రెండే: బరువు, విద్యుత్తుకు ఒంట్లో ఎదురయ్యే అడ్డు. మీకు తెలియనంత చిన్న కరెంటు ఒక పాదంలో ఎక్కి రెండో పాదంలో దిగుతుంది. అది ప్రధానంగా కాళ్ల మీదుగానే వెళుతుంది. మీరు బెంచ్ ప్రెస్ చేసిన ఛాతీ సంగతి దానికి దాదాపు తెలియదు. మిగతాదంతా వయసు, ఎత్తు, ఆడా మగా అన్న వివరాలతో ఫార్ములా కట్టిన అంచనా. నీరున్నచోట కరెంటు సులువుగా పోతుంది కాబట్టి కండరాల్లో చేరిన నీటిని యాప్ కండ కిందే రాస్తుంది.

పైగా చాలా యాప్‌లలో మజిల్ మాస్ అంటే బరువులోంచి కొవ్వునూ ఎముకనూ తీసేయగా మిగిలినదంతా. రక్తం, గుండె, కాలేయం కూడా అందులోనే. 70 కిలోల మనిషికి 50 కిలోల ‘కండ’ చూపించేది అందుకే.

ఓ పరీక్ష చేసుకోండి. బరువు చూసుకుని, లీటరు నీళ్లు తాగి, వెంటనే మళ్లీ ఎక్కండి. కడుపులో ఉన్న ఆ కిలో నీటిని యాప్ కొంత కొవ్వుకూ కొంత కండకూ పంచేస్తుంది.

క్రియాటిన్ మొదటి వారాల్లో కిలో నుంచి రెండు కిలోల నీటిని కండరాల్లో పట్టి ఉంచుతుంది. అది చెడ్డది కాదు, కానీ కొత్త కండ కాదు. కొత్తగా బరువులెత్తినప్పుడు వచ్చే ఒళ్లునొప్పుల వెనక వాపు కూడా కొంత నీటిని ఆపుతుంది. కొత్తవారికి మొదటి నెలల్లో నెలకు అర కిలో, బాగా కుదిరితే కిలో కండ పడుతుంది. ఆడవారికి సుమారు అందులో సగం. ఏడాది దాటాక ఇంకా నెమ్మది. అదీ కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్, సరిపడా నిద్ర ఉంటేనే. సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) వారంలో ఆ నిద్రే కష్టం.

గడియారం టైము పట్టుకోకండి. పెద్ద నిద్ర లేచి, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు ఎక్కితే చాలు, అది మధ్యాహ్నం రెండైనా సరే. స్నానం చేసిన వెంటనే, వ్యాయామం కాగానే వద్దు. కండ పెరిగిందో లేదో తెలియాలంటే నెలకోసారి టైలర్ టేపుతో చెయ్యి, తొడ, నడుము కొలవండి. పోయిన నెల పదిసార్లు ఎత్తిన బరువును ఇప్పుడు ఎన్నిసార్లు ఎత్తుతున్నారో రాసుకోండి. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ఇలాంటి మెషిన్ ఎక్కకూడదు.

ప్రశ్న: హాల్లో ఒక బరువు, బెడ్‌రూమ్‌లో ఒక బరువు చూపిస్తోంది.
– పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: మెషిన్ నాలుగు మూలలా బరువును పసిగట్టే లోడ్ సెల్స్ ఉంటాయి. మెషిన్ కాళ్లలో ఒకటి టైల్ సందులో పడినా, కింద చాప ఉన్నా లెక్క తప్పుతుంది. గట్టి నేల మీద ఒకే చోట ఉంచండి. జరిపిన ప్రతిసారీ ఓసారి కాలితో నొక్కి, సున్నా వచ్చి ఆరిపోయాక ఎక్కండి. కొన్ని మెషిన్లు తేడా కొంచెమే ఉంటే పాత అంకెనే మళ్లీ చూపిస్తాయి, కాబట్టి మూడుసార్లు ఒకే అంకె వచ్చిందని మురిసిపోవద్దు. మధ్యలో ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తుకుని ఎక్కండి. సరిగ్గా ఐదు పెరిగితే మెషిన్ భేషుగ్గా ఉన్నట్టే. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో బ్యాటరీ స్ప్రింగులకు తుప్పు పడుతుంది, అదీ చూసుకోండి.

ప్రశ్న: గ్రాఫులో ఒక్కరోజే మూడు కిలోలు తగ్గినట్టు ఉంది!
– పాఠకుడు, మధురవాడ

జవాబు: ఆ రోజు మీ ఇంట్లో ఇంకెవరో ఎక్కి ఉంటారు. చాలా యాప్‌లు దగ్గరి బరువును బట్టి మనిషిని ఊహిస్తాయి. ఆ ఎంట్రీని యాప్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లో ఆరోగ్య వివరాలు దాచే హెల్త్ కనెక్ట్‌కు జతచేసి ఉంటే అక్కడా విడిగా తీసేయండి. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే ప్రొఫైల్ పెట్టండి, చుట్టాలొస్తే గెస్ట్ మోడ్ వాడండి.